సాంటోరినికి పెద్ద ఓడే మేలు

ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న పిరేయస్ రేవు నుంచి గ్రీకు దీవి సాంటోరినికి సముద్రం మీద రెండు రకాలుగా వెళ్లొచ్చు. కార్లూ లారీలూ ఎక్కించుకుని, దారిలో రెండు మూడు దీవుల దగ్గర ఆగుతూ పోయే పెద్ద ఓడ ఒకటి. దానికి ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. ఇంకోటి హైస్పీడ్ కాటమరాన్, అంటే రెండు పడవలు జంట కట్టినట్టుండే తేలిక ఓడ. దానికి అయిదు గంటలు, కాస్త అటూ ఇటూ. సెలవులు తక్కువ, చూడాల్సినవి ఎక్కువ కాబట్టి మనవాళ్లు చాలామంది ఆలోచించకుండా రెండోదానికే టికెట్టు కొనేస్తారు. మిగిలే రెండున్నర, మూడు గంటలకు అంత ఎక్కువ కట్టక్కర్లేదన్నది ఈ సమీక్ష అభిప్రాయం. ఇక్కడ చూస్తున్నది బ్లూ స్టార్ ఫెర్రీస్ వారి ఉదయపు ఓడని, అందులోనూ ఈ దారిలో ఎక్కువగా తిరిగే బ్లూ స్టార్ డెలోస్‌ని.

2011లో దక్షిణ కొరియాలో కట్టిన ఓడ ఇది. పొడవు 145 మీటర్లు. సుమారు 2,400 మంది పడతారు, కింద గ్యారేజీలో 400కు పైగా కార్లు పడతాయి. వేగం 25 నాట్ల దరిదాపు, అంటే గంటకు 46 కిలోమీటర్లు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి మీద తిరిగే పంటు ఎక్కినవాళ్లకి పద్ధతి తెలిసిందే: ఇనప తలుపు నేల మీదికి వాలుతుంది, బండ్లూ మనుషులూ ఒకే దారిన లోపలికి పోతారు. కాకపోతే ఇక్కడ ఆ తలుపు ఓడ వెనక వైపు ఉంటుంది, దాని నెత్తిన అంతస్తుల మీద అంతస్తులు ఉంటాయి.

టికెట్టు కొనేటప్పుడు మొదట తికమకపెట్టేది పేరు. గ్రీకులు సాంటోరినిని అధికారికంగా థీరా అంటారు. టికెట్ల మీద, రేవులో బోర్డుల మీద, ఓడలో సామాను అరల మీద చాలాచోట్ల ఆ పేరే ఉంటుంది. పక్కనే థిరాసియా అని ఇంకో చిన్న దీవి ఉంది. తొందరలో దాన్ని ఎంచుకుంటే తిప్పలు తప్పవు.

తరగతుల్లో అన్నిటికన్నా చవక ఎకానమీ. దానికి సీటు నంబరు ఉండదు. లోపలి హాళ్లలో, బయటి డెక్ మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. సీజన్‌ను బట్టి 45 నుంచి 60 యూరోల మధ్య ఉంటుంది. అదే హైస్పీడ్‌కి 80 నుంచి 100 యూరోలు. ఏటా మారే ధరలు కాబట్టి కొనే రోజున చూసుకోవాల్సిందే. ఎకానమీ మీద ఇంకొన్ని యూరోలు కడితే విమానం సీటు లాంటి నంబరున్న సీటు ఇస్తారు. పెద్దవాళ్లో చంటిపిల్లలో వెంట ఉంటే ఈ కొద్దిపాటి ఖర్చుకి వెనకాడొద్దు. జులై, ఆగస్టుల్లో ఎకానమీ హాళ్లలో కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చునేవాళ్లు కనిపిస్తారు. బిజినెస్ లాంజ్ ఆ రెండు నెలల్లో తప్ప దండగ. పగటి ప్రయాణానికి క్యాబిన్ అయితే మరీ దండగ, కిటికీ బయట ఏజియన్ సముద్రం ఉండగా మంచం ఎందుకు? అయిదేళ్ల లోపు పిల్లలకి డబ్బు కట్టక్కర్లేదు కానీ వాళ్ల పేరు మీద టికెట్టు మాత్రం ఉండాలి. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. మనకి ఇంటిపేరు ముందా వెనకా అన్న గోల ఉండనే ఉంది కాబట్టి పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని నింపడం మేలు. కంపెనీ సైటులో కొన్నా, ఫెర్రీహాపర్ లాంటి సైట్లలో కొన్నా టికెట్టు ధరలో పెద్ద తేడా ఉండదు. ఈ-టికెట్టు ఫోన్లోకి వస్తుంది, ర్యాంపు దగ్గర క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు.

ఇక రేవు. పిరేయస్ ఒక గేటు, ఒక ప్లాట్‌ఫాం ఉండే చోటు కాదు. ఈ–1 (E1) నుంచి ఈ–12 (E12) దాకా గేట్లు, గుర్రపునాడా ఆకారంలో నీటి చుట్టూ పరుచుకుని ఉంటాయి. సాంటోరిని వైపు వెళ్లే పెద్ద ఓడలు సాధారణంగా ఈ–6, ఈ–7ల దగ్గర ఆగుతాయి. మెట్రో స్టేషనుకి ఎదురుగానే. రోడ్స్ వైపు వెళ్లేవి ఈ–1 నుంచి. అది రెండు కిలోమీటర్ల దూరం, పెట్టె లాక్కుంటూ నడిస్తే అరగంట. రేవు లోపల ఉచిత బస్సు తిరుగుతుంది కానీ చివరి పది నిమిషాల్లో దాన్ని నమ్ముకోలేం. గేటు నంబరు మారుతూ ఉంటుంది, ముందురోజు వచ్చే మెసేజ్ చూసుకోకుండా ఎవరో బ్లాగులో రాసిన నంబరు పట్టుకుని వెళ్లొద్దు.

ఓడ బయల్దేరేది ఉదయం ఏడున్నర ప్రాంతంలో. ఏథెన్స్ నడిబొడ్డున సింటాగ్మా, మొనాస్టిరాకీ వైపు దిగినవాళ్లకి ఇబ్బంది లేదు. మెట్రో పొద్దున అయిదున్నర ప్రాంతంలో మొదలవుతుంది, పిరేయస్‌కి పాతిక నిమిషాల లోపే, టికెట్టు 1.20 యూరోలు. జేబుదొంగల బెడద ఈ లైన్ల మీద బాగా ఎక్కువ, ముఖ్యంగా పెద్ద పెట్టెలతో తలుపు దగ్గర నిలబడేవాళ్లకి. పాస్‌పోర్టు వెనక జేబులో వద్దు. విమానాశ్రయం నుంచి నేరుగా రేవుకి వెళ్లేవాళ్ల లెక్క వేరు. మూడో లైన్ మెట్రో 2022 అక్టోబరు నుంచి పిరేయస్ దాకా వెళ్తోంది. టికెట్టు 9 యూరోలు, గంట ప్రయాణం. కానీ అక్కడి నుంచి తొలి రైలు ఆరు దాటాకే, కాబట్టి ఏడున్నర ఓడకి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రాత్రంతా తిరిగే ఎక్స్96 బస్సు ఉంది. 5.50 యూరోలు, గంట నుంచి గంటన్నర. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వచ్చే విమానం మధ్యాహ్నం దిగితే ఆ రాత్రి ఏథెన్స్‌లో పడుకుని పొద్దున ఓడ ఎక్కడమే తెలివైన పని.

బయల్దేరే సమయానికి గంట ముందు ర్యాంపు దగ్గర ఉండాలి. ఆలస్యంగా వస్తే పరుగెత్తి దూకేయొచ్చు అనుకోవద్దు. 2023 సెప్టెంబరులో ఇదే రేవులో, కదులుతున్న ఓడ ర్యాంపు మీదికి చివరి క్షణంలో పరుగెత్తుకొచ్చిన ప్రయాణికుణ్ని సిబ్బంది తోసేయడంతో నీళ్లలో పడి చనిపోయాడు. ఆ తర్వాత ఎక్కించుకునే విషయంలో కట్టుదిట్టం పెరిగింది.

ఎక్కేది లారీలు ఎక్కే దారినే. డీజిల్ వాసన, తడి ఇనప నేల, విజిల్ ఊదుతూ కార్లని వెనక్కి పెట్టించే సిబ్బంది, ఆ పక్కనే గోడకి అరలు. ప్రతి అర మీదా దీవి పేరు రాసి ఉంటుంది: పారోస్, నాక్సోస్, థీరా. పెద్ద పెట్టె మీ దీవి పేరున్న అరలోనే పెట్టాలి. వేరే అరలో పెడితే నాక్సోస్‌లో దిగేవాళ్ల హడావుడిలో మీ పెట్టె కింద పడి ఉంటుంది, లేదా వాళ్లతో పాటు దిగిపోతుంది. రంగురంగుల రిబ్బనో, మన ఊరి సంచి ముక్కో పిడికి కట్టడం ఉపయోగం. ఓడ కదిలాక గ్యారేజీ తలుపులు మూసేస్తారు, మళ్లీ మీ రేవు వచ్చేదాకా తెరవరు. కాబట్టి మందులు, ఛార్జర్, శాలువా, పిల్లల పాలడబ్బా, పాస్‌పోర్టు, డబ్బు చేతిసంచిలోనే పైకి తీసుకెళ్లాలి. శాలువా ఎందుకంటే లోపలి హాళ్లలో ఏసీ నడివేసవిలో కూడా వణికిస్తుంది. అద్దె కారుతో ఎక్కేవాళ్లు కారు ఇచ్చిన కంపెనీ అనుమతి ముందే కాగితం మీద తీసుకోవాలి. కారులో డ్రైవరు ఒక్కరే లోపలికి వెళ్లాలి, మిగతావాళ్లు నడిచి ఎక్కాలి.

ఎస్కలేటర్ మీద పైకి వెళ్లగానే ఎక్కడ కూర్చోవాలన్నది నిర్ణయించుకోవాలి, పావుగంటలో మంచి చోట్లన్నీ పోతాయి. ఓడ ఆగ్నేయంగా వెళ్తుంది కాబట్టి పొద్దున ఎండ ఎడమ వైపు నుంచి పడుతుంది, కుడి డెక్ నీడగా ఉంటుంది. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక తారుమారు. కుడి వైపు మొదలుపెట్టి, నాక్సోస్ తర్వాత ఎడమకి మారితే ఎండా తగలదు, అసలు చూడాల్సింది కూడా అటే ఉంటుంది. గంటా పావు, గంటన్నర గడిచాక ఎడమ చేతి వైపు సూనియో కొన మీద పొసైడన్ గుడి స్తంభాలు తెల్లగా, అగ్గిపుల్లలంత కనిపిస్తాయి. తెలిసి చూస్తే తప్ప కంట్లో పడవు.

పారోస్‌కి నాలుగు గంటల పైన. నాక్సోస్ ఇంకో గంట. ఈ ఆగడాన్ని ఒకసారైనా వెనక డెక్ నుంచి కిందికి వంగి చూడాలి. ఓడ రేవు ముందు తన చుట్టూ తాను తిరిగి, లంగరు వదిలి, వెనక్కి వెనక్కి గట్టు దాకా వస్తుంది. ర్యాంపు అప్పటికే సగం వాలి ఉంటుంది. సన్నని తాడు విసిరితే గట్టు మీది మనిషి అందుకుని, దానికి కట్టిన లావుపాటి మోకుని లాగి ఇనప గుంజకి తగిలిస్తాడు. ర్యాంపు సిమెంటుకి తగిలీ తగలకముందే జనం దిగుతుంటారు, ఆ వెంటే లారీలు, ఇంకో పక్క నుంచి ఎక్కేవాళ్లు. ఎంత జనం ఉన్నా పది, పదిహేను నిమిషాల్లో అంతా అయిపోయి లంగరు పైకి లేస్తుంది. నాక్సోస్ రేవు పక్కన చిన్న గుట్ట మీద క్రీ.పూ. 6వ శతాబ్దపు అపోలో గుడి పాలరాతి ద్వారబంధం నిలబడి ఉంటుంది, గుడి లేని గుమ్మం. హైస్పీడ్‌లో వెళ్తే ఇది ఉప్పు మరకల అద్దం లోంచి చూడాలి.

తిండి విషయంలో మార్కులు మధ్యస్థమే. బర్గర్లు, కాఫీ అమ్మే కౌంటర్లు, సెల్ఫ్ సర్వీసు భోజనశాల ఉంటాయి. ధరలు ఊళ్లో కన్నా ఎక్కువ, రుచి ఊళ్లో కన్నా తక్కువ. శాకాహారులకి పాలకూర, చీజ్ పెట్టిన స్పనకోపిత, ఉత్త చీజ్ పెట్టిన తిరోపిత దొరుకుతాయి. నిస్తిసిమో అన్న మాట గుర్తుపెట్టుకోవచ్చు. అది గ్రీకుల ఉపవాసపు వంట, మాంసం, పాలు, గుడ్డు ఉండవు. కానీ రొయ్యలూ ఆక్టోపస్‌లూ ఆ లెక్కలోకి రావు, వాళ్ల ఉపవాసంలో అవి చెల్లుతాయి! కాబట్టి అడిగి తినాలి. రేవు ఎదుట బేకరీల్లో నువ్వుల కులూరి, తిరోపిత కొనుక్కుని ఎక్కితే సగం ధరలో పని అయిపోతుంది. బయటి తిండి తెచ్చుకోవద్దని ఎవరూ అనరు. పులిహోర డబ్బా తెరిచి తిన్నా ఎవరూ అడగరు. కాఫీ మాత్రం ఓడలో తాగదగ్గదే. వేసవిలో గ్రీకులు గంటల తరబడి చప్పరించే ఫ్రెడ్డో ఎస్ప్రెసో, చల్లగా, నురగతో. మరుగుదొడ్లు మొదటి మూడు గంటలూ బాగుంటాయి, తర్వాత మీ అదృష్టం.

ఇక అసలు పెద్ద ఓడని ఎందుకు ఎంచుకోవాలి అన్నదానికి జవాబు గాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, కింద సముద్రం మాత్రం తెల్లగా తెట్టు కడుతుంది. ఎండ చూసి వాతావరణం బాగుందనుకునే మనకి ఇది కొత్త. పెద్ద ఓడ బరువుగా నీళ్లలో లోతుగా కూర్చుంటుంది, ఒరగకుండా పక్కల స్టెబిలైజర్ రెక్కలు ఉంటాయి. తేలికపాటి కాటమరాన్ అలల మీద ఎగిరెగిరి పడుతుంది, పైగా చాలావాటిలో బయటికి వచ్చి నిలబడే డెక్ ఉండదు. వాంతులయ్యేవాళ్లకి ఆ మూసిన హాలు నరకం. ఒకరు మొదలుపెడితే వరస అంతా అందుకుంటుంది.

బస్సులో తల తిరిగేవాళ్లు మన ఇళ్లలో అందరికీ తెలిసిన అవోమిన్ లాంటి మాత్ర, డాక్టరు వద్దనకపోతే, ఎక్కడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక మింగితే లాభం లేదు. మందు నిలవదు. మగతగా ఉంటుంది కాబట్టి దిగగానే కారు నడపాల్సినవాళ్లు మానుకోవాలి. కింది అంతస్తుల్లో, ఓడ మధ్యభాగంలో ఊపు తక్కువ. ముందు కొసన, పై అంతస్తులో ఎక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా సముద్రం ఆకాశం కలిసేచోట చూపు నిలపాలి. ఖాళీ కడుపుతోనూ, నూనె ఓడే బర్గర్‌తోనూ, రెండిటితోనూ ప్రమాదమే.

గాలి బోఫోర్ట్ స్కేలు మీద 8, 9కి చేరితే, అంటే గంటకి 60, 70 కిలోమీటర్లు దాటితే, కోస్ట్‌గార్డ్ ఓడల్ని ఆపేస్తుంది. గ్రీకులు దీన్ని అపగోరెఫ్తికో అంటారు, నిషేధం అని. హైస్పీడ్ వాటిని అంతకు ముందే ఆపుతారు. ఒక్కోసారి చిన్నవన్నీ ఆగిపోయిన రోజున పెద్ద ఓడ మాత్రం పోతూ ఉంటుంది, అప్పుడు దానిలో చోటు దొరకదు. దీనికి తోడు సమ్మెలు. నావికుల సంఘాలు 24 గంటల సమ్మె అంటే అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి మరుసటి అర్ధరాత్రి దాకా ఒక్క ఓడా కదలదు. మే 1న ఇలా జరగడం మామూలే, ఆ రోజుకి టికెట్టు పెట్టుకోకపోవడం మంచిది.

ఓడ రద్దయితే మీ హక్కులు యూరోపియన్ యూనియన్ 1177/2010 నిబంధనలో ఉన్నాయి. రద్దయినా, బయల్దేరడం గంటన్నరకి మించి ఆలస్యమయ్యేలా ఉన్నా, ఇంకో ఓడలో పంపమనొచ్చు, లేదా డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ డబ్బు ఏడు రోజుల్లో ఇవ్వాలి. నాలుగు నుంచి ఎనిమిది గంటల ప్రయాణంలో రెండు గంటలు ఆలస్యంగా చేరితే టికెట్టులో 25 శాతం, నాలుగు గంటలు దాటితే 50 శాతం పరిహారం. గాలివాన వల్ల అయితే పరిహారం, హోటల్ ఖర్చు రావు. టికెట్టు డబ్బు మాత్రం వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. గాలికి ఆగితే ఏమీ రాదనుకుని ఊరుకుంటారు, లేదా హోటల్ కూడా ఇవ్వాలని కౌంటర్ దగ్గర గొడవపడతారు. ఫిర్యాదు రెండు నెలల లోపు చేయాలి.

చివరి గంట కోసం ఎడమ డెక్ మీద చోటు పట్టుకోవాలి. ఉత్తరం వైపు నుంచి ఓడ అగ్నిపర్వతపు గుంటలోకి దూరుతుంది. ఎడమన ఓయా ఊరు, కొండ నెత్తిన తెల్ల సున్నం ఒలికినట్టు. కుడిన థిరాసియా. మధ్యలో నల్లగా కాలిన బొగ్గు కుప్పలా నేయా కమేని దీవి. కొండ గోడలో ఎరుపు, నలుపు, బూడిద పొరలు వరసగా కనిపిస్తాయి, ఒక్కో పొరా ఒక్కో పేలుడు. అయితే మైకులో థీరా అని వినిపించగానే ఫొటోలు ఆపి కిందికి దిగాలి. గ్యారేజీ మెట్ల దగ్గర జనం అప్పటికే కిక్కిరిసి ఉంటారు. ఇంజన్లు స్టార్ట్ అయిన లారీల మధ్య, చీకట్లో, చెమటతో పది నిమిషాలు. గొలుసులు గరగరమంటాయి, ర్యాంపు పై అంచున సన్నని వెలుగు గీత పడుతుంది, అది వెడల్పయ్యేకొద్దీ కళ్లు చిట్లించాల్సి వస్తుంది.

దిగేది అథినియోస్ రేవులో. దీవి ముఖ్యపట్టణం ఫిరా కింద ఉన్న పాత రేవు, కేబుల్ కారు, గాడిదలు క్రూయిజ్ ఓడల వాళ్లకి. మన ఓడ అక్కడికి వెళ్లదు. అథినియోస్ కొండ అడుగున ఇరుకు చోటు, పైకి మెలికలు తిరిగే ఒకే ఒక్క రోడ్డు. ఓడ వచ్చే వేళకి ఫిరా వెళ్లే కెటెల్ బస్సు ఉంటుంది, అరగంట లోపే చేరుస్తుంది; ఓయాకో పెరిస్సాకో వెళ్లాలంటే ఫిరాలో మారాలి. బస్సులో నిలబడే చోటు కూడా క్షణాల్లో నిండుతుంది, కాబట్టి ఓడలోంచి ముందు దిగినవాడిదే గెలుపు. టాక్సీలు ఈ దీవిలో బహుతక్కువ. నలుగురున్న కుటుంబానికి హోటల్ వాళ్లతో ముందే మాట్లాడుకున్న బండి మేలు.

తిరుగు ఓడ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో బయల్దేరి రాత్రి పదకొండు దాటాక పిరేయస్ చేరుతుంది. రెండు ఓడలు ఒకేసారి వస్తే కొండ రోడ్డు మీద బండ్లు చీమల్లా కదులుతాయి. అందుకని ఫిరా నుంచి రెండు గంటల ముందే కదలాలి. రేవులో నీడ తక్కువ, ఓడ అరగంట ఆలస్యమవడం మామూలే, నీళ్లు వెంట ఉంచుకోవాలి. ఇంటికి వెళ్లే విమానం ఆ రాత్రికి పెట్టుకోనే వద్దు, మధ్యలో ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచండి. గాలి ఒక రోజుతో తగ్గకపోవచ్చు కాబట్టి ఆగస్టులో రెండు రోజులైతే ఇంకా నయం. ఓడ దిగేసరికి మెట్రో ఆఖరి రైళ్ల వేళ అవుతుంది. అది తప్పితే అదే ఎక్స్96 బస్సు ఉంది, విమానాశ్రయం దాకా.